పన్నెండో ఫోటో

హీరో కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. డైరెక్టర్ని కావాలని అంతకన్నా లేదు. నా కళ్లు ఎప్పుడూ ఇంకో మనిషి మీదే ఉండేవి... స్టిల్ ఫోటోగ్రాఫర్ మీద! నవ్వితే నవ్వండి, ఉన్నమాట చెబుతున్నాను.

సినిమా పత్రిక తిరగేసే మనలో ఎంతమంది ఆయన్ని తలుచుకుంటాం చెప్పండి? షాట్ ఓకే అవుతుంది. లైట్లు ఆర్పబోతుంటారు. అప్పుడు "ఒక్క స్టిల్ సార్!" అంటూ ఆయన ముందుకొస్తాడు. నటీనటులు ఇందాకటి భంగిమలోనే మరోసారి నిలబడతారు. క్లిక్! అంతే. ఆ క్షణమే థియేటర్లో అద్దాల పెట్టెలో ఫోటో కార్డవుతుంది, పాటల పుస్తకానికి అట్టవుతుంది, పత్రికకి ముఖచిత్రమవుతుంది. బొమ్మ వచ్చి వెళ్లిపోతుంది. స్టిల్ మాత్రం మంగలి షాపు గోడ మీద ఏళ్లతరబడి ఉండిపోతుంది!

మాయాబజార్ (1957)లో మార్కస్ బార్‌ట్లే తెరమీద పూయించిన వెన్నెల కోసం ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా పక్కన కూర్చున్నవాళ్లు పాట వింటుంటే, నేను ఆ వెలుగు ఏ వైపునుంచి పడుతోందా అని వెతుక్కునేవాణ్ణి. పిచ్చి అంటే అదే మరి!

నాచారం గేటు దగ్గర

మాది వరంగల్లు వైపు పల్లె. నాన్నకి నాచారం పారిశ్రామికవాడలో పని దొరికి, ఉప్పల్ దాపున రెండు గదుల అద్దె ఇంట్లో దిగాం. చదువు అయిందనిపించి నేనూ అక్కడే ఒక ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీకి సైకిలు దూరంలో ఏముందనుకున్నారు? ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో! ఇక నా ఆదివారాలు ఎక్కడ గడిచేవో వేరే చెప్పాలా?

ఒక నెల ఓవర్‌టైం డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కెమేరా ఒకటి కొన్నాను. ఆగ్ఫా క్లిక్ త్రీ. మనదేశంలోనే తయారైన సరుకు. 120 రీలు వేస్తే పన్నెండు చదరపు ఫోటోలు వస్తాయి. వెనకాల చిన్న ఎర్ర గాజు కిటికీ, అందులోంచి నంబరు చూసుకుంటూ రీలు తిప్పుకోవాలి. ఫోకస్ చేసే పనేలేదు, దాని కన్ను కదలదు. పదడుగుల అవతల ఉన్నవన్నీ శుభ్రంగా పడతాయి. మరీ దగ్గరికెళితే మసక! ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఉప్పల్లో ఒక స్టూడియో యజమాని నన్ను డార్క్‌రూంలోకి రానిచ్చేవాడు. జీతం లేని అసిస్టెంటునన్నమాట! ఎర్రబల్బు వెలుగులో కాగితాన్ని డెవలపర్ ట్రేలో వేసి మెల్లగా ఊపుతుంటే, తెల్లటి కాగితంలోంచి ముందు జుట్టు, తర్వాత కనుబొమ్మలు, ఆ తర్వాత మొహం పైకి తేలి వచ్చేది. అప్పుడు హైపోలో వేసి, నీళ్లలో కడిగి, తీగకి తగిలించాలి. ఎర్ర వెలుగు ఆ కాగితాన్ని ఏమీ చెయ్యదు. రీలు విషయం వేరు. దాన్ని కడిగేటప్పుడు ఎర్రబల్బు కూడా ఉండకూడదు, కటిక చీకటే. చీకట్లో చేతివేళ్లకే కళ్లు రావాలి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' సరుకు మా అందరికీ పరిచయమే.

పదకొండు ఇటు, ఒకటి అటు

1984 ఆగస్టు. రామారావుగారి ప్రభుత్వం బర్తరఫ్ అయింది. ఆయన పక్షాన నిలిచిన ఎమ్మెల్యేలకి కొన్నిరోజులు నాచారం స్టూడియోలోనే బస. ఇంకేం, గేటు ముందు జాతర! బారెడు లెన్సులతో పత్రికలవాళ్లు, మధ్యలో క్లిక్ త్రీతో నేను. రెండు సాయంత్రాలు మునికాళ్ల మీద నిలబడి పదకొండు ఫోటోలు కొట్టాను.

పన్నెండోది మిగిలిపోయింది. రీలు పూర్తికాకుండా కడిగించడానికి మనసొప్పదు. ఒక్క ఫోటో అంటే డబ్బు కదా! ఆదివారం పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇటు చూడు" అన్నాను.

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "నా ఫోటో ఏంటికిరా? ఫోటో దిగితె ఆయుస్సు తక్కువైతదంటరు."

"ఒక్కటి మిగిలిందమ్మా. ఊరికే పోతుంది."

"ఊకె పోయేదానికైతె తియ్యి మరి," అంటూ నవ్వింది. గది చిన్నది. వెనక్కి జరగడానికి చోటు లేదు. నాలుగడుగుల దూరంలోంచే మీట నొక్కేశాను.

రీలు కడిగి చూస్తే... పదకొండింట్లో జనం తలకాయలు, కార్ల వెనకభాగాలు, దుమ్ము! మనిషన్నవాడి మొహం ఒక్కటి పడితే ఒట్టు. పన్నెండో దాంట్లో అమ్మ ఉంది. కానీ మసక. అమ్మ వెనకాల గోడ, గోడకున్న క్యాలెండరు మాత్రం అద్దంలా పడ్డాయి!

అమ్మ చూసి, "నేనేందిరా గిట్ల మబ్బుల ఉన్న?" అంది.

"మళ్లీ మంచిది తీస్తాలేమ్మా" అన్నాను.

తియ్యలేదండీ. చెల్లెలి పెళ్లి, నా పెళ్లి, పిల్లల ఫీజులు... కెమేరా ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. 1991లో అమ్మ పోయింది. దండ వెయ్యడానికి ఫోటో వెతికితే ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. ఊరికే పోతుందని తీసిన పన్నెండోది.

యాభై ఎనిమిదో ఏట ఓనమాలు

2017లో రిటైరయ్యాను. ఆ ఏడాది నవంబరులోనే మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడవడం మొదలెట్టింది. ఆ రైలు చప్పుడు వింటూ ఒకరోజు నిర్ణయించుకున్నాను, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదని. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పాత డిజిటల్ కెమేరా, దాంతోపాటు 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి కొన్నాను.

"నాన్నా, ఫోనులో తియ్యొచ్చు కదా!" అన్నాడు మా అబ్బాయి. "ఈ వయసులో ఇదేం సరదా?" అంది మా ఆవిడ. ఇద్దరికీ ఒక కథ చెప్పాను. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ అసలు వృత్తి ఏమిటో తెలుసా? రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇండోరులో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం. ఫోటోలు సరదాకి మొదలెట్టాడు! ఆ సరదాయే ఆయన్ని హైదరాబాదు దాకా తీసుకొచ్చింది. "ఆయన రాజావారు, మీరు పింఛను వారు" అంది మా ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదనుకోండి!

కొత్త లెన్సు నాకెందుకు నచ్చిందో చెప్పనా? దాని రంధ్రాన్ని ఎఫ్ 1.8 దాకా పెద్దగా తెరవొచ్చు. అలా తెరిస్తే మొహం మీద ఫోకస్ పెట్టినప్పుడు ఆ మొహమే స్పష్టంగా ఉండి, వెనకాల గోడలు, బండ్లు, బోర్డులు అన్నీ పొగమంచులా కరిగిపోతాయి. అమ్మ ఫోటోలో జరిగిందానికి సరిగ్గా తలకిందులు! ముప్పయ్యేళ్లు నేను కోరుకున్నది ఇదే కదా. ఉప్పల్ చౌరస్తాలో పొద్దున్నే పనికోసం నిలబడ్డ కూలీలు, నాచారంలో షిఫ్టు వదిలాక టిఫిన్ డబ్బాలతో నడిచొచ్చే ఆడపిల్లలు... అందర్నీ అడిగి, ఒప్పుకున్నవాళ్లనే తీశాను. ప్రతివాళ్లకీ ప్రింటు వేయించి చేతికిచ్చాను. అదొక్కటే నేను పెట్టుకున్న నియమం.

జొన్నరొట్టెల అక్క

ఉప్పల్ రోడ్డుపక్కన సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసే ఒకావిడ ఉండేది. నాకన్నా పెద్దది. ఫోటో అడిగితే, "వద్దు తమ్మీ, ఆయుస్సు తగ్గుతది" అంది. నా గుండె ఒక్కసారి ఆగి మళ్లీ కొట్టుకుంది. నేనింక అడగలేదు. రొట్టెలు కొనుక్కుని ఊరుకున్నాను. నెలరోజుల తర్వాత తనే పిలిచింది. "మా మనుమరాలికి పంపాలె. తియ్యి తమ్మీ."

తీశాను. పొయ్యి వెలుగు చెంప మీద పడి, నా జన్మలో అంత చక్కటి ఫోటో తియ్యలేదనిపించింది. ప్రింటు ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నా పొయ్యి ఏది తమ్మీ? రొట్టెలేవి? గిట్ల మబ్బుల పోయినయేంది? నేను ఏం జేసి బతుకుతున్ననో మనుమరాలికి ఎట్ల ఎరుకైతది?"

చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు! ఉత్త మొహం చూపించాలని నా ఆరాటం. తన చేతిపని చూపించాలని ఆవిడ పట్టుదల. నేను చెరిపేసింది వెనకాలి సామాను కాదు, ఆవిడ బతుకు.

ఆ రాత్రి ట్రంకుపెట్టె తీశాను. అమ్మ ఫోటో నెగటివ్ ఇంకా భద్రంగానే ఉంది. ఆరు సెంటీమీటర్ల చదరం, చిన్నదేం కాదు. దాన్ని స్కాన్ చేయించి కంప్యూటర్లో పెద్దది చేసి, ఇన్నేళ్లూ నేను తిట్టుకున్న ఆ క్యాలెండరు వైపు మొదటిసారి చూశాను. అంకెల పక్కన సన్నటి పెన్సిలు గీతలు! పాల లెక్క. అర లీటరుకి ఒక గీత, పాలు రానినాడు సున్న. అమ్మకి చదువు రాదు, సంతకం కూడా రాదు. ఆ గీతలే అమ్మ దస్తూరి. ఆగస్టు 19 దగ్గర ఆగాయి. ఆదివారం. నేను "ఊరికే పోతుంది" అన్న పొద్దు.

అమ్మ మొహం ఇప్పటికీ మసకే. ఏ యంత్రమూ దాన్ని బాగుచెయ్యలేదు. కానీ అమ్మ చెయ్యి మాత్రం ముప్పయ్యేళ్లుగా ఆ గోడమీద స్పష్టంగానే ఉంది. నేనే చూడలేదు.

మర్నాడు సాయంత్రం లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8 మీద పెట్టాను. స్టాండు వేసుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, "కదలకక్కా" అని మళ్లీ తీశాను. అక్క, పొయ్యి, పిండి అంటిన చేతులు, బుట్టలో రొట్టెలు... అన్నీ పడ్డాయి. ప్రింటు చూసి ఆవిడ రొట్టెల్ని ఒక్కొక్కటిగా వేలుపెట్టి లెక్కపెట్టింది.

"ఏడు! సరిగ్గున్నయి" అంది.

ఆ పూట నా దగ్గర రొట్టెల డబ్బులు తీసుకోలేదు.