గ్రహణమొస్తే తలుపులెందుకు మూయాలి?
ఆకాశంపై అపోహలు – వాస్తవాలు

2025 సెప్టెంబరు 7 రాత్రి పదకొండు గంటలకు చందమామ పూర్తిగా భూమి నీడలోకి వెళ్లి రాగిరంగుకు తిరిగింది. అర్ధరాత్రి దాటాక కూడా ఇరవై నిమిషాలకు పైగా అలాగే ఉంది. మబ్బు పట్టని ప్రతి ఊళ్లో, పైసా ఖర్చు లేకుండా, వాకిట్లో నిలబడి చూడదగ్గ దృశ్యమది. అయినా గ్రహణమంటే తలుపులు బిగించుకుని కూర్చునే ఇళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇప్పటికీ తక్కువేమీ లేవు.

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ప్లానెటరీ సొసైటీ ఆఫ్ ఇండియా, ఊరూరా ఓపికున్న సైన్సు టీచర్లు ఈ తలుపులు తెరిపించడానికి ఏళ్లుగా పాటుపడుతున్నారు. బడి మైదానంలో టెలిస్కోపు పెట్టి పదిమందికి చుక్కలు చూపించాలని ఎవరు పూనుకున్నా, ముందు ఎదురయ్యేవి మబ్బులు కావు, అపోహలే. వాటిలో ముఖ్యమైనవాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. వీటిలో చాలావాటిని ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మీ అంతట మీరే తేల్చుకోవచ్చు.

అపోహ: గ్రహణం నాడు మాత్రమే రోకలి నిటారుగా నిలబడుతుంది.

వాస్తవం: గ్రహణం వచ్చిందంటే మన దగ్గర పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టడం రివాజు. రోకలి నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు లెక్క. టీవీల్లోనూ ఆ దృశ్యాలే తిప్పి తిప్పి చూపిస్తారు.

రోకలి అడుగును ఒకసారి తిరగేసి చూడండి. ఇనుప పొన్ను వేసిన చోట అడుగు చదునుగా ఉంటుంది. రోకలి బరువంతా ఆ చదును మీదుగా నిట్టనిలువుగా పడితే చాలు, అది నిలబడుతుంది. కావలసింది సమంగా ఉన్న నేల, రెండు నిమిషాల ఓపిక. గ్రహణం లేని మామూలు మంగళవారం నాడు ప్రయత్నించినా నిలబడుతుంది. ఇన్నాళ్లూ అది గ్రహణం నాడే నిలబడటానికి కారణం, మిగతా రోజుల్లో ఎవరూ నిలబెట్టి చూడకపోవడమే.

చంద్రుడి ఆకర్షణే రోకలిని పట్టి నిలుపుతుందని కొందరు సైన్సు భాషలో వాదిస్తారు. ఐదడుగుల రోకలి పై కొనకూ అడుగుకూ మధ్య చంద్రుడి లాగుడులో ఉండే తేడా ఎంత? భూమి ఆకర్షణతో పోలిస్తే కోటి కోట్లలో రెండు మూడు వంతులు. అంత చిన్న బలం రోకలిని కాదు కదా, దాని మీది పసుపు రేణువునైనా కదపలేదు. పైగా ప్రతి అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు భూమికి ఒకే వైపు ఉంటారు. ఆకర్షణే కారణమైతే నెలనెలా రోకళ్లు నిలబడాలి.

ఏ ఖగోళ క్లబ్బయినా తన మొదటి కార్యక్రమాన్ని దీనితోనే మొదలుపెట్టవచ్చు. గ్రహణం లేని రోజున బడి వరండాలో పది రోకళ్లు పిల్లల చేతే నిలబెట్టిస్తే ఆ తర్వాత ఉపన్యాసం అవసరం ఉండదు.

అపోహ: గర్భిణులు గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసే నమ్మకం ఇదే. కడుపులో బిడ్డ పై పెదవి గర్భం మొదలైన నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య రూపుదిద్దుకుంటుంది. ఆ దశలో రెండు వైపుల కణజాలం సరిగా కలవకపోతే మొర్రి ఏర్పడుతుంది. వంశపారంపర్యం, ఫోలిక్ యాసిడ్ లోపం, పొగతాగడం, కొన్ని రకాల మందులు ఆ ముప్పును పెంచుతాయి. ఆరేడు నెలల గర్భిణిని గ్రహణం పూట కదలకుండా పడుకోబెట్టే నాటికి బిడ్డ పెదవి ఏర్పడి నెలలు గడిచి ఉంటాయి. గ్రహణాలే కనిపించని సంవత్సరాల్లోనూ మొర్రితో బిడ్డలు పుడుతూనే ఉన్నారు.

చంద్రగ్రహణంలో కొత్త కిరణాలేవీ రావు. చంద్రుడిపై పడాల్సిన సూర్యకాంతికి భూమి అడ్డొస్తుంది, అంతే. మన వాతావరణం గుండా వంగి వెళ్లిన ఎర్రటి కాంతి మాత్రమే అక్కడికి చేరుతుంది కాబట్టి చందమామ రాగిబిళ్లలా కనిపిస్తుంది. వండిన అన్నానికి దీనివల్ల ఏమీ కాదు, దర్భ వేసినా వేయకపోయినా. గంటల తరబడి తిండీ నీళ్లూ లేకుండా ఉంచడం మాత్రం గర్భిణికీ, షుగర్ ఉన్నవాళ్లకూ నిజంగానే ప్రమాదం. బిడ్డను కాపాడాలనుకునే అత్తమ్మలు, అమ్మలు గ్రహణం గడియలు చూడటం మాని, మొదటి నెల నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర అందుతోందో లేదో చూడాలి.

అపోహ: ఎక్స్‌రే ఫిల్మ్‌లోంచో, పసుపు నీళ్లలోనో సూర్యగ్రహణం చూడొచ్చు.

వాస్తవం: ఇక్కడ భయమే అవసరం. ఎక్స్‌రే ఫిల్మ్, పొగబట్టిన గాజు, మామూలు నల్లకళ్లద్దాలు వెలుగును తగ్గిస్తాయి గానీ కంటికి కనిపించని పరారుణ కిరణాలను తగినంతగా ఆపలేవు. పసుపు నీళ్లలో, పేడనీళ్లలో కనిపించే ప్రతిబింబాన్ని తదేకంగా చూడటమూ క్షేమం కాదు. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కన్ను కాలుతున్న సంగతి ఆ క్షణంలో తెలియదు. ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణపు కళ్లద్దాలు గానీ, 14వ నంబరు వెల్డింగు గాజు గానీ వాడాలి. కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

పరికరమే అక్కర్లేని పద్ధతి మరొకటి ఉంది. సూర్యుడికి వీపు పెట్టి వేపచెట్టు నీడలో నిలబడండి. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే గుండ్రటి వెలుగు మచ్చలు నిజానికి సూర్యుడి బొమ్మలే. పాక్షిక గ్రహణం వేళ ఆ మచ్చలన్నీ నెలవంకలైపోతాయి. అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి తెల్లకాగితం మీద నీడ పట్టినా అదే కనిపిస్తుంది.

ఈ నేలకు గ్రహణాల చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. హీలియం మూలకం ఉనికి తెలియడానికి దారితీసిన పరిశీలనల్లో ఆ గ్రహణానిది ముఖ్యమైన చోటు. 1980 ఫిబ్రవరి 16న జాపాల్–రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణ మార్గంలోనే ఉంది. తలుపులు తెరిచి చూసినవాళ్ల వల్లే ఈ విషయాలన్నీ లోకానికి తెలిశాయి.

అపోహ: మిట్టమధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తినే ఉంటాడు.

వాస్తవం: కరీంనగర్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండే రోజులు. మే 13 ప్రాంతంలో ఒకసారి, జులై 30 ప్రాంతంలో మరోసారి. ఆదిలాబాద్ ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ మే 18, 19 తేదీల్లోనూ, జులై 25 ప్రాంతంలోనూ వస్తాడు. ఆ పూట నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఢిల్లీవాళ్లకు ఆ భాగ్యం ఒక్కరోజు కూడా లేదు. ఆ క్షణం గడియారంలో పన్నెండుకు కాకుండా, మే నెలలో పన్నెండూ పది దాటాక, జులైలో పన్నెండూ ఇరవై ప్రాంతంలో వస్తుంది.

రెండు జిల్లాల బడులు చేతులు కలిపితే దీనితో భూమినే కొలవొచ్చు. కరీంనగర్‌లో నీడ మాయమైన రోజునే ఆదిలాబాద్‌లో మీటరు కర్రకు రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా నీడ పడుతుంది. అంటే సూర్యుడు నడినెత్తి నుంచి ఒకటింబావు డిగ్రీ పక్కకు ఉన్నట్టు. రెండు పట్టణాల మధ్య ఉత్తర దక్షిణాలుగా దూరం దాదాపు 136 కిలోమీటర్లు. ఒకటింబావు డిగ్రీకి అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? లెక్క కడితే దాదాపు 40 వేల కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలతే వస్తుంది. రెండువేల రెండొందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన పని ఇదే. మన తొమ్మిదో తరగతి పిల్లలు రెండు కర్రలతో, ఒక ఫోన్ కాల్‌తో చేయగలరు.

అపోహ: సంక్రాంతి నాటినుంచే సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడు.

వాస్తవం: అదే కర్రతో ఇదీ తేలుతుంది. కరీంనగర్‌లో మీటరు కర్రకు మధ్యాహ్నపు నీడ డిసెంబరు 21, 22 తేదీల్లో అన్నిటికన్నా పొడవుగా, దాదాపు 90 సెంటీమీటర్లు ఉంటుంది. సంక్రాంతి వచ్చేసరికి 83 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. అంటే సూర్యుడు అప్పటికే మూడు వారాలుగా ఉత్తరానికి వస్తున్నాడు. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు, సంక్రాంతి రెండూ ఒకే రోజున ఉండేవి. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరిగింది. పండుగ పండుగే, దాని ఆనందానికి ఏ లోటూ లేదు. ఆకాశపు లెక్కను మాత్రం ఆకాశంలోనే చూసుకోవాలి.

అపోహ: అమావాస్య రాత్రి బయటికి వెళ్లకూడదు. చందమామను చూడాలంటే పున్నమే మేలు.

వాస్తవం: చుక్కలు చూసేవాళ్లకు అమావాస్యే పండుగ. వెన్నెల లేని రాత్రి ఉట్నూరు, నార్నూరు వైపు ఊళ్లలో కరెంటు దీపాలకు దూరంగా నిలబడితే పాలపుంత తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర దాని జాడ కూడా దొరకదు.

అమావాస్యను అశుభమనేవాళ్లు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌ను గుర్తుచేసుకోవాలి. పుష్యమాసపు నెలవంకను చూసి మెస్రం వంశీయులు జాతర పనులకు పూనుకుంటారు. హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి జలం తెచ్చి, పుష్య అమావాస్య రాత్రి మహాపూజతో నాగోబా జాతర మొదలుపెడతారు. మన బతుకమ్మ కూడా అమావాస్య నాటి ఎంగిలిపూలతోనే మొదలవుతుంది.

పున్నమి రోజు చంద్రుడిపై వెలుగు సూటిగా పడుతుంది కాబట్టి నీడలుండవు, గుంటలు చదునుగా కనిపిస్తాయి. సప్తమి, అష్టమి ప్రాంతంలో టెలిస్కోపు పెడితే వెలుగూ చీకటీ కలిసే అంచు వెంట కొండలు, గుంటలు విడివిడిగా కనిపిస్తాయి. జనాన్ని పిలిచే కార్యక్రమాలకు ఆ రోజులే అనువైనవి.

అపోహ: ధ్రువ నక్షత్రం అన్నిటికన్నా ప్రకాశవంతమైనది.

వాస్తవం: ప్రకాశంలో దాని స్థానం యాభై దరిదాపుల్లో ఉంటుంది. కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపించడమే దాని ప్రత్యేకత. చేయి చాచి పిడికిలి పడితే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఆదిలాబాద్‌లో ఉత్తర దిక్కున దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులో, కరీంనగర్‌లో అంతకు కాస్త తక్కువ ఎత్తులో ధ్రువుడు కనిపిస్తాడు. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిది దాటాక వెనక్కి తిరిగి దక్షిణాన చూస్తే ఇంచుమించు అంతే ఎత్తులో అగస్త్య నక్షత్రం మెరుస్తుంటుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అదే ప్రకాశవంతమైన నక్షత్రం. లండన్‌లో అది ఎప్పటికీ ఉదయించదు. ధ్రువుడినీ అగస్త్యుడినీ ఒకే రాత్రి ఇంత చక్కగా చూడగలగడం మన అక్షాంశానికి దక్కిన వరం.

అపోహ: లక్షలు పోసి టెలిస్కోపు కొంటే తప్ప ఏమీ కనిపించదు. కొంటే ఫొటోల్లో ఉన్నట్టు రంగురంగులుగా కనిపిస్తుంది.

వాస్తవం: రెండూ తప్పే. గురుగ్రహపు నాలుగు పెద్ద చందమామలు, ఊళ్లలో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు, దేవయాని గెలాక్సీ మామూలు 10×50 బైనాక్యులర్‌లో కనిపిస్తాయి. నీహారికల రంగులు మాత్రం కెమెరా చాలాసేపు కాంతిని పోగుచేస్తేనే వస్తాయి. కంటికి అవి బూడిదరంగు మసకలుగానే కనిపిస్తాయి. ఈ సంగతి ముందే చెబితే వచ్చినవాళ్లు నిరాశపడరు.

ఆరంగుళాల టెలిస్కోపులో శనిని మొదటిసారి చూసిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న, “లోపట బొమ్మ అతికించిన్రా సార్?” జవాబు చెప్పక్కర్లేదు, కన్ను తీయకుండా ఇంకాసేపు చూడమంటే చాలు. భూమి తిరుగుతుంటే ఆ చిన్న వలయాల గ్రహం మెల్లగా జరిగి అంచు దాటి పోతుంది. అతికించిన బొమ్మ జరగదు. 2025 మార్చిలో ఆ వలయాలు మనకు అంచు తిప్పి గీతలా మారాయి. ఏటేటా మళ్లీ విప్పారుతున్నాయి.

అపోహ: ఖగోళ పరిశీలన చదువుకున్న పట్నంవాళ్ల పని.

వాస్తవం: నాగపూర్ వైపు గోండు గ్రామాల్లో వాహియా, హల్కరే అనే పరిశోధకులు తిరిగి, 2013లో గోండుల ఖగోళ జ్ఞానంపై వ్యాసం ప్రచురించారు. సప్తర్షి మండలంలోని నాలుగు చుక్కలు ముసలవ్వ మంచమని, తోకలోని మూడూ ఆ మంచం ఎత్తుకుపోవాలని చూసే దొంగలని గోండుల కథ. ఆదిలాబాద్ గోండు పెద్దల దగ్గరా ఇలాంటి జ్ఞానం ఉంటే దాన్ని వినడం, రాసుకోవడం మన క్లబ్బుల బాధ్యత. టెలిస్కోపు తీసుకుని గూడేలకు వెళ్లేవాళ్లు ఒక నోటుపుస్తకమూ పట్టుకెళ్లాలి.

ఆకాశ పరిశీలన మొదలుపెట్టడానికి మంచి కాలం నవంబరు నుంచి మార్చి. ఆగస్టు ఉల్కలు వానమబ్బుల్లో పోతాయి గానీ, డిసెంబరు 13, 14 రాత్రుల జెమినిడ్ ఉల్కలకు మన ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది. ఆదిలాబాద్ చలి పది డిగ్రీల కిందికి దిగే రోజులవి కాబట్టి దుప్పట్లు, చాయ్ ఫ్లాస్కు మరవద్దు. కవ్వాల్ అడవి లోపలికి కాకుండా ఊరి బడి మైదానానికే వెళ్లండి.

2028 డిసెంబరు 31 రాత్రి పది గంటల వేళ మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం. ఎలాగూ మేలుకునే ఉండే రాత్రి అది. ప్రతి ఊళ్లో పదిమంది ఇప్పటినుంచే ఒక జట్టుగా ఏర్పడితే ఆ రాత్రికి వాడవాడలా బైనాక్యులర్లు పెట్టొచ్చు, గర్భిణులతో సహా అందరినీ కూర్చోబెట్టి గ్రహణం చూపిస్తూ భోజనాలు పెట్టొచ్చు.