నీళ్ల రిపోర్టు ఎప్పుడొస్తుంది?

నేను చదివేది మైక్రోబయాలజీ. పార్ట్-1లో తెలుగు తీసుకున్నాను. అందుకే ల్యాబులో నేర్చుకున్న ఒక సంగతిని మన మాటల్లో రాస్తున్నాను.

చెన్నైలో ఎండాకాలం వస్తే చాలా ఇళ్లకు లారీ నీళ్లే దిక్కు. చూడ్డానికి తేటగానే ఉంటాయి, కానీ మురుగు కలిసిందో లేదో కంటికి తెలీదు. అది తెలుసుకోవడానికి ఈ.కోలై అనే బాక్టీరియా కోసం వెతుకుతాం. 1885లో దీన్ని వర్ణించిన పిల్లల డాక్టరు థియొడోర్ ఎషెరిష్ పేరే దీనికి పెట్టారు. ఇది మనుషుల, పశువుల పేగుల్లో ఉంటుంది. చాలా రకాలు హాని చెయ్యవు, కొన్ని మాత్రం విరేచనాలు తెప్పిస్తాయి. నీళ్లలో కనిపించిందంటే మలం కలిసినట్టే లెక్క. అందుకే 100 మి.లీ. తాగునీటిలో ఒక్కటి కూడా కనబడకూడదని మన దేశ ప్రమాణం.

మామూలు పరీక్షలో బాక్టీరియాకు తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, అది పెరిగేదాకా ఆగాలి. ఒకటి రెండు రోజులు పడుతుంది. రిపోర్టు వచ్చేసరికి ఆ నీళ్లు తాగడం కూడా అయిపోతుంది!

ఈ ఆలస్యం తగ్గించడానికే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు. ఇంట్లో షుగర్ చూసుకునే మిషను ఉంది కదా, అదీ ఈ జాతిదే. చిన్న పట్టీ మీద కార్బన్ ఎలక్ట్రోడు ఉంటుంది. దాని మీద బంగారు నానోకణాలు చేరుస్తారు. నానోమీటరంటే మీటరులో 100 కోట్లో వంతు. కణాలు అంత చిన్నవి గనక కాస్త చోటులోనే బోలెడంత ఉపరితలం దొరుకుతుంది, కరెంటూ బాగా పారుతుంది. వాటికి ఈ.కోలైని గుర్తుపట్టే యాంటీబాడీలను అతికిస్తారు. బాక్టీరియా వచ్చి అతుక్కుంటే కరెంటు దారికి అడ్డం పడుతుంది. ఆ మార్పును మిషను కొలుస్తుంది. ప్రయోగశాలల్లో ఇది నిమిషాల్లోనో, కొద్ది గంటల్లోనో తేలిపోతోంది.

మరి అన్నిచోట్లా ఎందుకు రాలేదు? పట్టీ మీద వేసేది చుక్క నీళ్లు. 100 మి.లీ.లో ఒకే ఒక్క బాక్టీరియా ఉంటే, అది ఆ చుక్కలోనే ఉంటుందని నమ్మకమేముంది? అందుకని ముందు వడగట్టో, అయస్కాంత నానోకణాలతో లాగో వాటిని ఒకచోట చేర్చాలి. ఇంకో చిక్కు, చచ్చిన బాక్టీరియా కూడా యాంటీబాడీకి అతుక్కుంటుంది. బతికున్నదో లేదో పెంచి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. కాబట్టి సెన్సరు ముందు హెచ్చరించాలి, పాత పరీక్ష తర్వాత రూఢి చెయ్యాలి. రెండూ కావాలని నా అభిప్రాయం.

ఆ పట్టీ మన చేతికొచ్చేదాకా లారీ నీళ్లను బాగా తెర్లేలా కాచి, మూతపెట్టి తాగుదాం. తెర్లిన నీళ్లలో ఈ.కోలై బతకదు.