చివరి డోసు ఎన్నింటికి?

తమిళ సినీరంగమైన కోడంబాక్కం అవయవ మార్పిడి కథను ఒకసారి తెరకెక్కించింది. 2008 సెప్టెంబరులో రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయిన హితేంద్రన్ అవయవాలను డాక్టర్లైన అమ్మానాన్నలే దానమిచ్చారు. పోలీసులు దారి ఖాళీ చేయించడంతో ఆ పదిహేనేళ్ల కుర్రాడి గుండె దాదాపు 11 నిమిషాల్లో మొగప్పేరు ఆసుపత్రికి చేరింది. ఆ ఉదంతం స్ఫూర్తితో మలయాళంలో 'ట్రాఫిక్' (2011), దాని రీమేక్‌గా తమిళంలో 'చెన్నైయిల్ ఒరు నాళ్' (2013) వచ్చాయి. సైరన్ మోత, కారు పరుగు, ఆఖరి నిమిషం ఉత్కంఠ, అన్నీ ఉన్నాయి. అవయవం అందుకున్నవారు ఆ తర్వాత రోజూ మింగాల్సిన మాత్రలు మాత్రం లేవు.

ఉండవు మరి! ఒక మనిషి పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి క్యాప్సూల్ మింగుతుంటే దాంతో ఏ డైరెక్టరు ఇంటర్వెల్ బ్యాంగ్ తీస్తాడు?

ఈ కథనానికి సంపాదకుడు కోరింది కూడా విజయగాథే. వెతుకుతూ పోతే చేతికి చిక్కింది ఒక ల్యాబ్ చీటీ. ఆపరేషన్ ఫొటోలకన్నా అదే ఎక్కువ మాట్లాడింది.

చీటీ మీద 'టాక్రోలిమస్ ట్రఫ్ లెవెల్' అని ఉంటుంది, అంటే తర్వాతి డోసుకు ముందు రక్తంలో మిగిలిన మందు. శరీరం కొత్త అవయవాన్ని పరాయిదిగా చూసి దాడి చేయకుండా ఆపే మందు టాక్రోలిమస్. తగ్గితే అవయవం పోతుంది. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, షుగర్ రావచ్చు, ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. ఏ కిడ్నీని కాపాడాలని వేసుకుంటున్నారో ఆ కిడ్నీనే మందు దెబ్బతీస్తుంది. అందుకే మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములున్నాయో కొలుస్తారు. కిడ్నీ మార్పిడి తర్వాత తొలి నెలల్లో చాలాచోట్ల 8 నుంచి 12 మధ్య ఉంచుతారు, తర్వాత తగ్గిస్తారు.

ఊదా మూత గొట్టంలోకి రక్తం తీసే ముందు టెక్నీషియన్ అడిగే ప్రశ్న ఒకటుంది: చివరి డోసు ఎన్నింటికి? రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, అంటే మర్నాటి మాత్ర పడకముందే రక్తమివ్వాలి. మాత్ర సంచిలో ఉండాలి, కడుపులో కాదు. చెన్నై ఆర్కాట్ రోడ్డు ట్రాఫిక్‌కు భయపడి ఇంట్లోనే మింగేసి బయలుదేరితే అంకె ఉన్నదానికన్నా పైకి చూపిస్తుంది. సంగతి తెలియని డాక్టరు డోసు తగ్గిస్తారు. నిజానికి సరిపోతున్న మందు అప్పటినుంచి చాలదు. రిజెక్షన్, అంటే శరీరం అవయవాన్ని తిరస్కరించడం, మొదలైనా తరచు నొప్పి ఉండదు, ముందుగా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలోనే బయటపడుతుంది. 'ఒంట్లో బాగానే ఉంది కదా' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మరో తిరకాసు బీపీ మాత్రది. డిల్టియాజెమ్ టాక్రోలిమస్‌ను విరగ్గొట్టే ఎంజైమును నెమ్మదింపజేస్తుంది. దాంతో తక్కువ డోసే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. మన దేశంలో కొందరు డాక్టర్లు కావాలనే రెంటినీ కలిపి రాస్తారు. బీపీ బాగుందని ఊళ్లో ఇంకో డాక్టరు ఆ మాత్ర ఆపేస్తే, టాక్రోలిమస్ లెవెల్ చడీచప్పుడూ లేకుండా పడిపోతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ అయితే దాన్ని ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ పైకి తోస్తాయి. మెడికల్ షాపులో 'ఇదీ అదే సార్' అంటూ వేరే బ్రాండు టాక్రోలిమస్ చేతిలో పెడితే తీసుకోకూడదు. రోజుకు ఒకసారి వేసుకునే రకం, రెండుసార్లు వేసుకునే రకం ఒకటి కావు.

చరిత్ర క్లుప్తంగా: 1954లో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య కిడ్నీ మార్పిడి, 1971లో వేలూరు సీఎంసీలో కిడ్నీ మార్పిడి, 1983లో అమెరికాలో రిజెక్షన్‌ను ఆపే మందు సైక్లోస్పోరిన్‌కు అనుమతి, 1994లో మన దేశంలో అవయవ మార్పిడి చట్టం. అదే ఏడాది ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన పి. వేణుగోపాల్ మన రాజమండ్రివారే. టాక్రోలిమస్ పుట్టింది జపాన్‌లోని త్సుకుబా కొండ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి.

కన్ను వేరు, కిడ్నీ వేరు

చెన్నైలో పుట్టిన నటుడు రానా దగ్గుబాటి తనకు కార్నియా, కిడ్నీ మార్పిడులు రెండూ జరిగాయని 2023లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. తారలు నోరు విప్పడం మంచిదే. అయితే రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. కార్నియాలో రక్తనాళాలుండవు కాబట్టి చాలామందికి కంటి చుక్కలతో సరిపోతుంది. కిడ్నీ అలా కాదు, అది పనిచేసినన్నాళ్లూ మాత్రలు తప్పవు.

వంటింట్లో

గ్రేప్‌ఫ్రూట్ టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచుతుంది. మన పంపర పనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరమే అది. అందుకే పంపర పనస కూడా వద్దంటారు. ఇమ్యూనిటీ పెంచుతుందని చుట్టాలు తెచ్చిచ్చే తిప్పతీగ కషాయం అసలే వద్దు, అణచాల్సింది ఆ ఇమ్యూనిటీనే కదా! ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోకూడదు. కొన్ని యాంటాసిడ్లు రిజెక్షన్‌ను ఆపే మరో మందైన మైకోఫెనొలేట్‌ను ఒంటికి పట్టనివ్వవు, రెంటికీ మధ్య ఎడం పాటించాలి. డోసు మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు మింగకుండా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయాలి. ప్రయాణాల్లో మాత్రల్ని చెక్-ఇన్ బ్యాగులో కాక చేతిసంచిలోనే పెట్టుకోవాలి.