నలుగురి కోసం బజారు చేసే పని



యాకుత్‌పురా గల్లీల్లో ఈ మాట రోజూ వినబడుతుంది.

"చార్మినార్ దిక్కు పోతున్నావా? నాకో డజను గాజులు తెచ్చిపెట్టవా?"

మనం సరే అంటాం. ఎండలో తిరుగుతాం. నాలుగు దుకాణాలు చూస్తాం. బేరం చేస్తాం. తెచ్చి ఇస్తాం. వాళ్లిచ్చిన ఛాయ్ తాగి ఇంటికొస్తాం. కూలి మాట వాళ్లూ ఎత్తరు, మనమూ అడగం.

ఇది కూడా ఒక పనే. నేర్పు కావలసిన పని. దీన్ని బతుకుతెరువుగా ఎలా చేసుకోవాలో చూద్దాం.

ఈ పని ఎవరికి కావాలి?

పెళ్లి కుదిరిన ఇంట్లో వంద పనులుంటాయి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడి గల్లీలు తెలియవు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు తీరిక ఉండదు. ముసలివాళ్లు గుంపులో నడవలేరు. కొందరు ఆడవాళ్లకు ఇల్లు దాటే వీలుండదు. వీళ్లందరికీ నమ్మకమైన మనిషి కావాలి.

పెద్ద దేశాల్లో ఇది పేరున్న ఉద్యోగం. అమెరికాలోని న్యూయార్క్‌లో బెట్టీ హాల్‌బ్రైక్ అనే ఆమె ఉండేది. 1976లో ఒక పెద్ద బట్టల దుకాణంలో ఈ పని మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఏ బట్ట ఎవరికి నప్పుతుందో చెప్పడమే ఆమె పని. నప్పకపోతే మొహం మీదే చెప్పేది. అందుకే ఆమె మాటకు విలువ. 2024లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆమెకు ఒక్క దుకాణమే. మనకు ఎన్ని బజార్లు ఉన్నాయో చూడండి.

మన దగ్గర ఉన్న పెట్టుబడి

మన పెట్టుబడి రూపాయలు కాదు, తెలివిడి.

చార్మినార్ పక్కనే లాడ్ బజార్. లక్క గాజులకు పెట్టింది పేరు. లక్కను వేడి చేసి, గాజు చుట్టూ అద్ది, చేత్తో రాళ్లు పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకు అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. పత్తర్‌గట్టీలో బట్టలు, ముత్యాలు. మూసీ అవతల బేగంబజార్‌లో టోకు సరుకు. ఏది ఎక్కడ దొరుకుతుందో, ఏ దుకాణదారు మాట మీద ఉంటాడో మనకు తెలుసు. పైగా తెలుగూ వచ్చు, ఉర్దూలో బేరమూ వచ్చు.

రాను పోను ఖర్చు కూడా తక్కువే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

కొనే ముందు రాసుకోండి

నేర్చుకున్న అక్షరం ఇక్కడే అక్కరకొస్తుంది. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏం కావాలి, ఎన్ని కావాలి, ఏ రంగు, ఎంతలో కావాలి? ఈ నాలుగూ అడిగి రాయండి. రాసింది చదివి వినిపించండి.

గాజుల కొలత జాగ్రత్తగా రాయాలి. 2-6 అంటే గాజు లోపలి వెడల్పు రెండు అంగుళాల మీద, అంగుళంలో 16వ వంతులు ఆరు. 2-8 అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు. కొలత తెలియకపోతే సరిపోయే పాత గాజు ఒకటి అడిగి వెంట తీసుకుపోండి.

పట్టు చీరకు సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. అది అసలు పట్టుకు గుర్తు. బంగారమైతే హాల్‌మార్క్ చూడాలి. 22 క్యారెట్ల నగ మీద 916 అని ఉంటుంది. అంటే 1000 పాళ్లలో 916 పాళ్లు బంగారం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు కూడా ఉండాలి. కానీ బంగారం కొనేటప్పుడు సొంతదారులను వెంట తీసుకుపోవడమే మేలు. అంత సొమ్ము మన చేతిలో ఉండకూడదు.

కూలి ఎలా అడగాలి?

కొందరు నూటికి ఇంత అని అడుగుతారు. అందులో ఒక చిక్కుంది. కొన్నవాళ్లు ఎంత ఎక్కువ ఖర్చు పెడితే మనకంత లాభం. అప్పుడు మన మనసు ఖరీదైన సరుకు వైపే లాగుతుంది. అందుకే రోజుకు ఇంత, పూటకు ఇంత అని ముందే చెప్పడం మంచిది. ఆటో ఖర్చు వేరు అని కూడా ముందే చెప్పండి.

మా చదువు కేంద్రంలో ఒక అక్క నన్ను అడిగింది.

"టీచరమ్మా, గిరాకీ తెచ్చినందుకు దుకాణపాయన నాకు పైసలిస్తా అంటున్నాడు. తీసుకోవచ్చా?"

నేను ఎదురు అడిగాను. "అక్కా, ఆ పైసలు ఎవరి జేబులోంచి వస్తాయి?"

ఆమె కాసేపు ఆలోచించింది. "కొన్నవాళ్ల ధరలోనే కలుపుతాడు గదా!" అంది.

అదే అసలు సంగతి. ఒకరి దగ్గర కూలి తీసుకుని, వాళ్లకు తెలియకుండా ఇంకొకరి దగ్గర కమీషన్ తీసుకుంటే మనం ఎవరి పక్షం? ఒక్కసారి బయటపడితే గల్లీ అంతా తెలుస్తుంది. మళ్లీ ఎవరూ పిలవరు. ఈ పనిలో మన సరుకు నమ్మకమే. దుకాణపాయన తగ్గిస్తానంటే ఆ తగ్గింపు బిల్లులోనే రాయించండి.

లెక్క అప్పజెప్పండి

ఒకామె మనకు 10,000 రూపాయలు ఇచ్చింది అనుకోండి. లెక్క ఇలా రాయాలి.

చీరలు – 6,200
గాజులు – 1,150
జాకెట్ బట్టలు, లేసు – 480
ఆటో – 120
మొత్తం ఖర్చు – 7,950
మిగిలింది – 2,050
మన కూలి – 400
తిరిగి ఇచ్చేది – 1,650

కింద తేదీ వేయండి. ఇద్దరూ సంతకం పెట్టండి. వేలిముద్ర వేసే రోజులు పోయాయి గదా!

ప్రతి సరుకుకూ పక్కా బిల్లు అడగండి. తెల్ల చీటీ మీద గీసిచ్చే కచ్చా బిల్లుతో రేపు గొడవొస్తే నిలబడలేం. సరుకు మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లోపు ఇస్తారు అని కొనేముందే అడగండి. ప్యాకెట్ సరుకుకు దాని మీద అచ్చువేసిన ధర కన్నా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మోసం జరిగితే వినియోగదారుల నంబర్ 1915కు ఫోన్ చేయవచ్చు.

సొంత డబ్బు పెట్టి ఎవరికీ సరుకు తేకండి. వద్దంటే అది మన నెత్తిన పడుతుంది. ముందు డబ్బు, తర్వాత బజారు.

మొదట తెలిసిన ఒక్క ఇంటితో మొదలుపెట్టండి. పని బాగుంటే వాళ్లే ఇంకో ఇంటికి చెబుతారు. పెళ్లిళ్ల కాలంలో, రంజాన్ నెలలో గిరాకీ ఎక్కువ. మిగతా రోజుల్లో తక్కువ. కాబట్టి చేస్తున్న కుట్టుపనో, ఇంకో పనో వెంటనే మానకండి. వచ్చిన దాంట్లో కొంత బ్యాంకులో వేయండి.

ఇన్నాళ్లూ ఊరికే చేసిన పని ఇది. ఇక కూలి అడగడానికి సిగ్గు పడకండి. పైసా పైసాకు లెక్క చూపించే చేతికి అడిగే హక్కు ఉంది.

మాట్లాడుకుందాం

1. ఈ నెల మీరు ఎవరెవరి కోసం బజారుకు పోయారు? ఎన్ని గంటలు పట్టింది?
2. దుకాణపాయన ఇచ్చే కమీషన్ గురించి మీరేమంటారు?
3. 5,000 రూపాయలతో ఒక పెళ్లికూతురి గాజుల పట్టీ రాసి, లెక్క కట్టండి.