చార్టు చూసి కోట్లు గడించగలమా? లెక్క తీద్దాం

‘నెలకు 5 శాతం చాలు, అత్యాశకు పోవద్దు’. షేర్ల చార్టుల పాఠాలు చెప్పేవారి నోట తరచూ వినిపించే మాట ఇది. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. లెక్క కడితేనే కళ్లు తిరుగుతాయి. లక్ష రూపాయలు నెలకు 5 శాతం చొప్పున చక్రవడ్డీలా పెరుగుతూ పోతే పదేళ్లకు సుమారు 3.49 కోట్లు, ఇరవై ఏళ్లకు 1,217 కోట్లు అవుతాయి. విశాఖ గోపాలపట్నంలో ఉంటూ స్టీల్‌ప్లాంటుకో పోర్టుకో డ్యూటీకి వెళ్లే ఉద్యోగి నలభయ్యో ఏట లక్షతో మొదలుపెడితే, రిటైరయ్యే నాటికి వెయ్యి కోట్లకు అధిపతి కావాలన్నమాట.

ప్రపంచ రికార్డు ఎంత?

నెలకు 5 శాతమంటే ఏడాదికి దాదాపు 80 శాతం. ధరల కదలికల మీదే ఆధారపడి అందరికంటే ఎక్కువ గడించినట్టు పేరున్నది అమెరికాలోని మెడాలియన్ ఫండ్. గణిత శాస్త్రవేత్త జిమ్ సైమన్స్ దీన్ని నడిపారు. 1988 నుంచి 2018 వరకు దీని సగటు వార్షిక లాభం ఫీజులు తీయకముందు 66 శాతం, తీశాక 39 శాతం. వాళ్ల అంచనా నిజమయ్యేది నూటికి 50.75 సార్లేనని ఆ సంస్థ పెద్దల్లో ఒకరే చెప్పారు. అంత చిన్న మొగ్గును లక్షలాది లావాదేవీల మీద కంప్యూటర్లతో పిండుకున్నారు. తెర మీద గీతలు గీసుకునే పద్ధతికీ దానికీ పోలిక లేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ ఫండ్ పరిమాణాన్ని సుమారు 1,000 కోట్ల డాలర్ల దగ్గరే ఆపేసి, మిగిలిన లాభాన్ని ఎప్పటికప్పుడు పంచేశారు. బయటివారి సొమ్మునూ తిప్పి పంపేశారు. ఎందుకంటే డబ్బు పెరిగేకొద్దీ ఈ విద్య పదును తగ్గుతుంది. రోజుకు 2 కోట్ల రూపాయల వ్యాపారం జరిగే షేరులో 2 లక్షలు పెడితే ఎవరికీ తెలియదు. అదే 2 కోట్లు పెట్టాలంటే మన కొనుగోలే ధరను పైకి ఎగదోస్తుంది, మన అమ్మకమే కిందికి తోసేస్తుంది. చార్టు చూపిన లాభం చేతికి అందేలోపే కరిగిపోతుంది.

మన దేశం లెక్కలు

ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2021-22 నుంచి 2023-24 వరకు పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తుల ఖాతాలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పరిశీలించింది. వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాటే. ఖర్చులు పోను లక్షకు మించి లాభం చూసినవారు 1 శాతమే. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టాలే మిగిలాయి, ఆ ఒక్క ఏడాది నికర నష్టం 1.05 లక్షల కోట్లు దాటింది. వీళ్లంతా చార్టు చూసే దిగారని అనలేం. కానీ రోజుల్లో, గంటల్లో ధర ఎటు పోతుందో ఊహించే ఆటకు చార్టే ప్రధాన ఆయుధం.

ఎదుటి పక్షం ఎవరు? 2023-24లో ఈ విభాగంలో విదేశీ సంస్థలు ఖర్చులు తీయకముందు సుమారు 28,000 కోట్లు, సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు 33,000 కోట్లు లాభపడ్డాయి. ఆ లాభాల్లో 95 శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రాములే తెచ్చిపెట్టాయి.

ఖర్చు మాటేమిటి?

2023-24లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన ఒక్కో వ్యక్తి సగటున 26,000 రూపాయలు బ్రోకరేజి, పన్నులు, ఎక్స్ఛేంజి రుసుములకే కట్టారు. లక్ష పెట్టుబడి మీద అంత పోతే, 26 శాతం లాభం వస్తే గానీ అసలు నిలబడదు. కొన్న రోజే అమ్మేసే ఇంట్రాడేలోనూ ఇదే తంతు. 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోగా, ఏడాదికి 500కు మించి లావాదేవీలు చేసినవారిలో ఆ వాటా 80 శాతం.

మరి గెలిచినవారు కనిపిస్తున్నారుగా?

కనిపిస్తారు. కోటి మంది ఏటా ఒకసారి నాణెం ఎగరేస్తే, వరుసగా పదేళ్లూ బొమ్మే పడేవారు సుమారు 9,766 మంది ఉంటారు. అందులో నైపుణ్యం ఏమీ లేదు. గెలిచినట్టు కనిపించేవారి ఖాతాలూ వేరే కథ చెప్పొచ్చు. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో పాఠాలు చెప్పిన వ్యక్తిపై 2023 అక్టోబరులో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం, కోర్సుల పేరిట వసూలైంది 17 కోట్లకు పైగా, రెండున్నరేళ్లలో ఆయన సొంత ట్రేడింగ్‌లో పోయింది దాదాపు 3 కోట్లు.

విశాఖ చిరునామా ఉన్న షేరు

పెద్ద సంపద ఎలా వస్తుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ రిజిస్టర్డ్ కార్యాలయం విశాఖలోనే ఉంది. 2009లో దేశంలోకి వనామీ రొయ్యను అనుమతించాక కోస్తా చెరువుల రూపమే మారింది, మేతకు గిరాకీ ఎగసింది. 2017-18 నాటికి కంపెనీ ఆదాయం 3,400 కోట్ల దరిదాపుల్లోకి వచ్చింది. 2015, 2018లలో ముఖవిలువ విభజన, బోనసు కలిసి పాత షేరు ఒకటి 15 షేర్లయింది. ఆ ఏళ్లలో షేరు ధర తీసిన పరుగును చార్టు చూపింది నిజమే, దాని వెనకున్న కారణం మాత్రం చెరువుల్లో ఉంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటనతో రొయ్యల షేర్లు పడ్డప్పుడూ ఆ వార్త ముందుగా చార్టులోని ఏ క్యాండిల్‌లోనూ లేదు.

అయితే పనికిరాదా?

పనికొస్తుంది, హద్దుల్లో. కొన్ని నెలలుగా పెరుగుతున్న షేర్లు మరికొన్ని నెలలు మిగతావాటికంటే ముందుండే ధోరణిని 1993లో జెగదీశ్, టిట్‌మన్ అమెరికా గణాంకాలతో చూపారు. ఆ సూత్రంతోనే మన ఎన్ఎస్ఈ మొమెంటమ్ సూచీ నడుస్తోంది. అది పదుల షేర్లను కలిపి, నియమం ప్రకారం నెలల తరబడి పట్టుకునే పద్ధతి. నష్టం హద్దు దాటగానే అమ్మేసే స్టాప్‌లాస్ క్రమశిక్షణా మంచిదే, 50 శాతం పోయిన సొమ్ము మళ్లీ అసలుకు రావాలంటే 100 శాతం పెరగాలి మరి.

తేలేది ఇదీ: ఎప్పుడు కొనాలి, ఎక్కడ ఆగాలి అనే ప్రశ్నలకు చార్టు కొంత సాయపడుతుంది. పెద్ద మొత్తాన్ని ఏళ్ల తరబడి పెంచే పని దానివల్ల అయ్యేది కాదు. ఎవరికైనా ఫీజు కట్టేముందు రెండే అడగండి: సెబీ రిజిస్ట్రేషన్ నంబరు, ట్రేడింగ్ లాభం చూపే మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు. రెండూ చూపనివారికి మీ పీఎఫ్ డబ్బు అప్పగించకండి.