నెల తప్పితే ప్రెగ్నెన్సీయేనా? పీరియడ్స్ లక్షణాలు, గర్భం లక్షణాలు ఒకేలా ఎందుకుంటాయి?

డేట్ దాటి నాలుగు రోజులైంది. నడుం లాగుతోంది, రొమ్ములు బరువుగా ఉన్నాయి, పొట్ట ఉబ్బరంగా ఉంది. ఇవాళో రేపో పీరియడ్స్ వచ్చేస్తాయనిపిస్తుంది, రావు. ఫోన్‌లో వెతికితే ఒక వీడియో ప్రెగ్నెన్సీయే అంటుంది, ఇంకోటి కాదంటుంది. తెలుగులో 'నెల తప్పింది' అంటేనే కడుపుతో ఉందని అర్థం. దాంతో ఇంట్లో పెద్దవాళ్లు అప్పుడే వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. పెళ్లికాని అమ్మాయిలకైతే ఈ నాలుగు రోజులూ నిద్ర పట్టదు. మరి లక్షణాలు చూసి ఏదో ఒకటి తేల్చేయొచ్చా? కుదరదు.

కారణం ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్. అండం విడుదలైన తర్వాత గర్భం వచ్చినా, రాకపోయినా శరీరంలో ఈ హార్మోన్ పెరుగుతుంది. రొమ్ముల నొప్పి, ఉబ్బరం, మలబద్ధకం, నీరసం లాంటివాటికి చాలావరకు ఇదే కారణం. గర్భం రాకపోతే దీని స్థాయి పడిపోయి పీరియడ్స్ వస్తాయి. వస్తే అలాగే కొనసాగుతుంది. అంటే మొదటి రెండు వారాల్లో రెండింటికీ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే. వాంతులు, వికారం ఎక్కువమందిలో డేట్ దాటిన రెండు వారాలకు గానీ మొదలుకావు. కళ్లు తిరిగి పడిపోగానే నాడి పట్టి శుభవార్త చెప్పడం సినిమాల్లోనే.

కొంచెం బ్లీడింగ్ కనిపిస్తే?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయం గోడకు అతుక్కునే సమయంలో కొందరిలో లేత గులాబీ లేదా గోధుమ రంగులో కొద్దిపాటి మరక కనిపిస్తుంది. ఇది సరిగ్గా పీరియడ్స్ రావాల్సిన రోజులకు దగ్గర్లోనే ఉంటుంది. 'ఈసారి తక్కువైంది' అనుకుని ఊరుకుంటారు. ఎప్పుడూ వచ్చేదానికంటే బాగా తక్కువగా, ఒకట్రెండు రోజుల్లోనే ఆగిపోతే టెస్ట్ చేసుకోవడం మంచిది.

టెస్ట్ ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. కిట్ పట్టుకునేది హెచ్‌సీజీ హార్మోన్‌ను. అండం గర్భాశయానికి అతుక్కున్నాకే ఇది తయారవుతుంది, మొదట్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. అందుకే డేట్‌కు ముందే తొందరపడి చేస్తే గర్భం ఉన్నా నెగెటివ్ రావచ్చు. డేట్ దాటాక, ఉదయం మొదటి మూత్రంతో చేస్తే ఫలితం నమ్మదగ్గదిగా ఉంటుంది. నెగెటివ్ వచ్చి పీరియడ్స్ రాకపోతే వారం ఆగి మళ్లీ చేయాలి. పీరియడ్స్ ఎప్పుడూ సక్రమంగా రానివాళ్లు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోవాలి. టీ గీత లేతగా పడినా పాజిటివే. సీ గీత పడకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం. ప్యాకెట్ మీద రాసిన టైమ్ దాటాక కనిపించే గీతను పట్టించుకోకూడదు.

ఎమర్జెన్సీ పిల్ వేసుకున్నవాళ్లకు డేట్ కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగడం మామూలే. వారం కంటే ఎక్కువ ఆలస్యమైతే మాత్రం టెస్ట్ చేసుకోవాలి. బాలింతలు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. కాన్పు తర్వాత మొదటి పీరియడ్స్ రాకముందే అండం విడుదల కావచ్చు. అంటే నెలసరి కనిపించకుండానే మళ్లీ గర్భం రావచ్చు.

నెలన్నర గర్భం ఎలా అయింది?

పెళ్లై నెలే అయింది, డాక్టర్ ఆరు వారాల గర్భం అన్నారు. కొన్ని ఇళ్లలో దీనిమీద పెద్ద గొడవలే జరుగుతాయి. నిజానికి ఇది లెక్క తెలియక వచ్చే అనుమానం. డాక్టర్లు గర్భాన్ని కలిసిన రోజు నుంచి లెక్కించరు, చివరి పీరియడ్స్ మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లలో అండం విడుదలయ్యేది దాదాపు 14వ రోజున. అంటే గర్భం రాకముందున్న ఆ రెండు వారాలు కూడా లెక్కలో కలిసిపోతాయి. ఆరు వారాలని చెప్పారంటే గర్భం వచ్చి సుమారు నాలుగు వారాలే. ఇది భర్తకు, అత్తింటివాళ్లకు కూడా తెలిసి ఉండాల్సిన లెక్క.

టెస్ట్ నెగెటివ్ వస్తున్నా నెలసరి రావట్లేదంటే పీసీఓఎస్, థైరాయిడ్, బరువులో మార్పులు, పరీక్షల ఒత్తిడి... ఏదైనా కావచ్చు. మూడు నెలలు రాకపోతే డాక్టర్‌ను కలవాల్సిందే. డేట్ రప్పించాలని బొప్పాయి, నువ్వులు-బెల్లం తింటూ రోజులు గడిపేయడం వల్ల టైమ్ వేస్ట్ తప్ప విషయం తేలదు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. టెస్ట్ పాజిటివ్ వచ్చాక పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం, బ్లీడింగ్ ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. ట్యూబు పగిలితే ప్రాణాపాయం. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. గర్భం వద్దనుకున్నా సరే, మెడికల్ షాపులో అడిగి అబార్షన్ మాత్రలు మింగొద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. ట్యూబులో ఉన్న గర్భానికి ఆ మాత్రలు పనిచేయవు, వచ్చిన నొప్పిని మాత్రల నొప్పే అనుకుని ఊరుకుంటే ప్రమాదం.

చట్టం ప్రకారం నిర్దేశించిన కారణాలతో 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో అబార్షన్ చేయించుకోవచ్చు. 2021 సవరణ తర్వాత గర్భనిరోధక సాధనం విఫలమైందన్న కారణం పెళ్లికానివాళ్లకూ వర్తిస్తోంది. 18 ఏళ్లు నిండిన మహిళకు తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పేరు బయటపెట్టడం నేరం.

కిట్ కొనడానికి షాపుకు వెళ్లడం ఇబ్బందిగా ఉంటే ఊళ్లో ఆశా కార్యకర్తను అడగొచ్చు. ప్రభుత్వం ఇచ్చే 'నిశ్చయ్' కిట్లు వాళ్ల దగ్గర ఉంటాయి.