కష్టకాలంలో సర్కారు సాయం: చిన్న అంగడివారు నేర్చుకొనవలసిన పాఠం

మన తెలుగువారు తరతరాలుగా ఏ రాష్ట్రంలో స్థిరపడినా, చేతిపనిని, చిన్న వ్యాపారాన్ని నమ్ముకొని పైకి వచ్చినవారు ఎందరో ఉన్నారు. షోలాపురంలో మగ్గం, బరంపురంలో పట్టునేత, సేలం, కోయంబత్తూరు ప్రాంతాలలో నూలు పని, ఇక్కడ బెంగుళూరులో పూల బుట్ట, కిరాణా కొట్టు, కుట్టుమిషను, ఇస్త్రీ బండి - వీటి మీదనే పిల్లలను చదివించారు, పెళ్ళిళ్ళు చేశారు, సొంత గూడు కట్టుకున్నారు.

2020 మార్చి 24వ తేదీ అర్ధరాత్రి నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు ఈ కుటుంబాలకు తగిలిన దెబ్బ అందరికీ తెలిసినదే. నావంటి గుమాస్తాకు నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చింది. కాని అంగడివాని సంగతి వేరు. తలుపు మూసిన నాటినుండి అతనికి రాబడి లేదు. అద్దె మాత్రం ఆగలేదు, అప్పుల వాయిదా ఆగలేదు, పొయ్యి మీద ఎసరు ఆగలేదు.

అటువంటి సమయంలో ప్రభుత్వం సాయం ప్రకటించింది. పత్రికలలో లక్షల కోట్ల లెక్కలు చదివాము. అయినా మన వీధిలో ఎవరిని అడిగినా "మాకేమీ రాలేదండీ" అన్నవారే ఎక్కువ. ఈ రెండూ నిజమే. అది ఎట్లాగో తెలిసికొంటే, మళ్ళీ కష్టం వచ్చినప్పుడు మనవారు వట్టి చేతులతో నిలబడకుండా ఉంటారని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సాయం మూడు విధాలు

సర్కారు సాయం అని ఒక్క మాటలో అంటాము గాని, అందులో మూడు రకాలు ఉన్నవి. మొదటిది గడువు: కట్టవలసిన డబ్బును కొన్నాళ్ళు ఆగి కట్టుకోమనడం. రెండవది అప్పు. మూడవది ఉచితంగా ఇచ్చే డబ్బు. ఏది ఏ రకమో తెలియక పోవడం వల్లనే చాలామంది ఆశపడి, తరువాత నిరాశ చెందారు.

గడువు సంగతి

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు, అప్పుల వాయిదాలను మే ఆఖరు వరకు కట్టకపోయినా పరవాలేదని బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. మే 22న ఆ గడువును ఆగస్టు 31 వరకు పొడిగించింది. మొత్తం ఆరు నెలలు. మన వారిలో కొందరు దీనిని వడ్డీ మాఫీ అనుకున్నారు. కాదు. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు.

తరువాత అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మరొక ఉత్తరువు ఇచ్చింది. రెండు కోట్ల రూపాయల వరకు ఉన్న అప్పులపై, ఆ ఆరు నెలలకు చక్రవడ్డీకి, బారువడ్డీకి గల తేడాను తానే భరిస్తానన్నది. దీనిని లెక్కకట్టి చూడండి. లక్ష రూపాయల అప్పు, నూటికి సాలీనా 12 రూపాయల వడ్డీ అనుకుందాము. ఆరు నెలలకు బారువడ్డీ 6,000 రూపాయలు. నెలనెలా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే 6,152 రూపాయలు. తేడా 152 రూపాయలు. ప్రభుత్వం ఇచ్చినది ఆ 152. అంగడివాడు కట్టవలసినది ఆ 6,000. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు కూడా తీర్పు చెబుతూ, ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ ఎవరి వద్దనూ వసూలు చేయరాదన్నది. వడ్డీ మొత్తాన్ని మాఫీ చేయమనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఊపిరి పీల్చుకొనడానికి గడువు మేలే, సందేహం లేదు. కాని దానిని దానమనుకొని ఖర్చు పెంచుకున్నవారికి తరువాత బరువైంది.

అప్పు ఉన్నవానికే అప్పు

2020 మే 13న ఆర్థికమంత్రి ప్రకటించిన మూడు లక్షల కోట్ల రూపాయల పథకం ఈ వరుసలో పెద్దది. తాకట్టు అక్కరలేదు, హామీ ప్రభుత్వానిదే. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉన్నదో అందులో నూటికి ఇరవై వంతులు అదనంగా అప్పు ఇస్తారు. అనగా ఐదు లక్షలు బాకీ ఉన్న చిన్న కార్ఖానాకు మరొక లక్ష. తీర్చడానికి నాలుగేండ్లు గడువు, మొదటి సంవత్సరం అసలు కట్టనక్కరలేదు. బ్యాంకులు 9.25 శాతానికి మించి వడ్డీ వేయరాదు. తరువాత ఈ పథకాన్ని ఐదు లక్షల కోట్లకు పెంచి, 2023 మార్చి 31 వరకు నడిపారు. దీనివల్ల నిలబడిన మరమగ్గాల షెడ్లు, చిన్న వర్క్‌షాపులు ఉన్నవి.

అయితే ఇందులోని కిటుకు గమనించారా? బ్యాంకులో అంతకుముందే అప్పు ఉన్నవానికే ఈ కొత్త అప్పు. ఎవరికీ బాకీ పడకుండా సొంత డబ్బుతోనో, బావమరిది దగ్గర చేబదులు తెచ్చుకొనో కొట్టు నడుపుకుంటున్న జాగ్రత్తపరునికి ఈ పథకంలో చోటు లేదు. అప్పు లేకపోవడం ఇంటికి గౌరవమని పెద్దలు నేర్పారు. బ్యాంకు పుస్తకంలో మాత్రం అప్పు లేనివానికి పేరే లేదు!

ఇట్లే నూరుమంది లోపు పనివారు, వారిలో నూటికి తొంభైమంది పదిహేను వేల లోపు జీతగాండ్రు ఉన్న సంస్థలకు, 2020 మార్చి నుండి ఆగస్టు వరకు ప్రావిడెంటు ఫండు వాటాలు రెండూ కేంద్రమే కట్టింది. కొట్టులో ఇద్దరు కుర్రవాళ్ళను పెట్టుకొని, పి.ఎఫ్. మాట ఎత్తని యజమానికి దీనివల్ల ఒరిగినదేమీ లేదు.

వీధి వ్యాపారుల కోసం 2020 జూన్ 1న స్వనిధి పథకం వచ్చింది. మొదట 10,000 రూపాయలు, ఏడాదిలో నెలనెలా తీర్చాలి. సకాలంలో కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. తీర్చినవారికి 20,000, ఆ తరువాత 50,000. పదివేలు చిన్న మొత్తమే అనవచ్చును. కాని పొద్దున తొమ్మిది వందలు ఇచ్చి సాయంత్రం వెయ్యి గుంజుకొనే వడ్డీవాని చేతిలో పడిన పూలమ్మికి, ఆ పదివేలు ఎంత విడుదలో ఆమెకే తెలుసు.

ఉచితంగా వచ్చిన డబ్బు

2020 మే 6న కర్ణాటక ప్రభుత్వం 1,610 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. క్షురకులకు, బట్టలుతికే వృత్తివారికి, ఆటో, టాక్సీ డ్రైవర్లకు తలా 5,000 రూపాయలు. చేనేతవారికి 2,000 రూపాయలు. చిన్న పరిశ్రమలకు రెండు నెలల కరెంటు స్థిర ఛార్జీల మాఫీ. 2021 మే నెలలో మరల 1,250 కోట్లు ప్రకటించి, డ్రైవర్లకు 3,000, వీధి వ్యాపారులకు 2,000 చొప్పున ఇవ్వజూపింది. తమిళనాడులో 2021లో బియ్యం కార్డు ఉన్న కుటుంబానికి రెండు విడతలుగా 4,000 రూపాయలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దుకాణాలున్న దర్జీలకు, క్షురకులకు, రజకులకు 10,000 రూపాయలు వచ్చినవి. "మా చిత్తూరు పిన్ని కొడుక్కు వచ్చింది, మాకెందుకు రాదు?" అని అడిగినవారు ఉన్నారు. సాయం నివాసాన్ని బట్టి గాని భాషను బట్టి రాదు. రేషను కార్డు, ఆధారు ఏ ఊరి చిరునామాతో ఉంటే ఆ ఊరివారమే.

ఎవరికి అందలేదు?

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ రాష్ట్రపు సాయానికి దరఖాస్తు సేవాసింధు పోర్టల్‌లో పెట్టవలసి వచ్చింది. చేసే వృత్తికి రుజువు చూపాలి. నాకు కన్నడం చదవడం, వ్రాయడం వచ్చును గనుక ఆ రోజులలో మా వీధివారు కొందరు కాగితాలు పట్టుకొని సాయంకాలం మా ఇంటికి వచ్చేవారు. అప్పుడు చూచినవే ఇవి.

ఇస్త్రీ బండి నడిపే ఒకామెకు ఇరవై ఏండ్లుగా అదే చెట్టు కింద పని. కాని బండికి సంబంధించిన చీటీలన్నీ భర్త పేర. ఆయన పోయి ఆరేండ్లయింది. ఆమె పనిచేస్తున్నదని వీధి అంతటికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. మరొకరికి ఇంటిపేరు చిక్కు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఇక్కడ బడిలో చేర్చినప్పుడు పొడి అక్షరాలు చివర వేశారు. ఆధారులో ఒక తీరు, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక తీరు, రేషను కార్డులో మూడవ తీరు. మనిషి ఒక్కరే, కాగితాలలో ముగ్గురు! ఆధారుతో ముడిపడిన ఖాతాకే డబ్బు వస్తుంది గనుక, మంజూరైన సాయం కూడా గాలిలో వ్రేలాడింది. ఆ అంగడాయన పేర్లు సరిచేయించుకొనడానికి నాలుగుమార్లు తిరిగాడు. అంతలో గడువు దాటిపోయింది. ఆ నెల అద్దెకు ఆయన భార్య గాజులు కుదువకు వెళ్ళినవి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఈ విషయంలో పూజారిని ఒక్కనినే నిందించి లాభం లేదు. కోట్ల జనంలో ఎవరు అర్హులో ఆఫీసుకు జాబితా ద్వారానే తెలియాలి. అయితే జాబితాలో లేనివారే అందరికంటె పేదవారు. ఆ లోపం ప్రభుత్వం దిద్దుకొనవలసినదే. వీధి వ్యాపారుల పథకంలో గుర్తింపు కార్డు లేనివారికి పురపాలక సంఘం సిఫారసు లేఖ ఇవ్వవచ్చునని ఒక దారి పెట్టారు. అటువంటి దారి ప్రతి పథకంలోనూ ఉండాలని అడగడం మన హక్కు.

ఇప్పుడు చేయవలసినవి

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదు. స్వనిధి పథకం ఇంకా నడుస్తున్నది. 2025 ఆగస్టులో దానిని 2030 మార్చి 31 వరకు పొడిగించి, మొదటి అప్పును 15,000కు, రెండవదానిని 25,000కు పెంచారు. చిన్న పరిశ్రమలకు, అంగళ్ళకు 2020 జూలై 1 నుండి వచ్చిన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఇంటి నుండే చేసుకొనవచ్చును. డబ్బు అడిగే దళారిని నమ్మవద్దు.

ప్రతి ఇంటా ఈ నాలుగు పనులు చేసికొనవలెను. ఒకటి, ఆధారు, పాస్‌బుక్కు, రేషను కార్డు మూడింటిలోనూ పేరు ఒకే తీరుగా ఉండేటట్లు దిద్దించుకొనడం. రెండు, అంగడి ఎవరు నడుపుతున్నారో వారి పేరనే లైసెన్సు లేక గుర్తింపు కార్డు తీసికొనడం. ఆడవారు నడిపితే ఆడవారి పేరనే. మూడు, అమ్మకం డబ్బులో కొంతైనా బ్యాంకు ఖాతా ద్వారా నడపడం, చిన్న అప్పైనా తీసికొని సకాలంలో తీర్చడం. నాలుగు, ఏ సాయమైనా ప్రకటించగానే అది గడువా, అప్పా, ఉచితమా అని మొదట అడిగి తెలిసికొనడం.

సంఘం చేయగలిగినదీ ఒకటి ఉన్నది. స్థానిక భాష చదవ వ్రాయ వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. నెలకొక ఆదివారం రెండు గంటలు సంఘ భవనంలో బల్ల వేసికొని కూర్చుంటే, పది కుటుంబాల కాగితాలు సరిపడతాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి మాట రానివారి పక్షాన అడిగిపెట్టడం కంటె సంఘసేవ మరేమున్నది? వచ్చే నెల నుండే మొదలు పెడితే మేలు. మొదటి ఆదివారం కూర్చోవడానికి నేను సిద్ధమే.